శోషరస గ్రంథిలో కణాల రాకపోకలు: ఒక విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

హనుమకొండలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక విద్యార్థిని తన సెమినారుకు సిద్ధమవుతూ రెండు ప్రశ్నలు అడిగారు. “టి-కణాలు సీసీఎల్21 అనే కీమోకైన్ వైపు వెళతాయని పుస్తకాల్లో ఉంది. ఆ పదార్థం శోషరస గ్రంథి నిండా పరచుకొని ఉన్నప్పుడు కణానికి ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎలా తెలుస్తుంది? ఆ ఆకర్షణ అంత బలమైనదైతే, వచ్చిన కణాలు అక్కడే పేరుకుపోకుండా కొన్ని గంటల్లోనే బయటికి ఎలా వెళ్లిపోతున్నాయి?”

వరంగల్‌లో వైద్య విద్యార్థులకు ఇరవై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను. ఈ రెండు ప్రశ్నలూ పాఠంలోని అసలు ముడిని పట్టుకున్నాయి. శోషరస గ్రంథి అంటే మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే చిన్న బిళ్ళ; టి-కణాలు, బి-కణాలు అందులో తిరిగే రోగనిరోధక తెల్లరక్తకణాలు, వాటినే లింఫోసైట్లు అంటారు. నా సమాధానాన్ని మొదటే చెప్పి, తరువాత కారణాలలోకి వెళతాను. కీమోకైన్, అంటే కణాలను నడిపించే రసాయన సంకేతం, ఒక వార్త వంటిది. ఆ వార్త ఏ కణానికి, ఎప్పుడు, ఎంతసేపు వినబడుతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, కణం తన ఉపరితలం మీదికి ఏ గ్రాహకాలను (సంకేతాన్ని పట్టుకునే ప్రోటీన్లను) తెచ్చి పెట్టుకుంది, వేటిని లోపలికి తీసుకుంది అన్నది. రెండవది, చుట్టూ ఉన్న కణజాలం ఆ రసాయనాన్ని ఎక్కడ నిలిపి ఉంచుతోంది, ఎక్కడ తుడిచివేస్తోంది అన్నది. పుస్తకాలు మొదటి పేజీలోనే “ఆకర్షణ” అనే మాట వాడడం వల్ల విద్యార్థులు దానిని అయస్కాంతంలాగా ఊహించుకుంటారు. ఆ ఊహే తరువాతి అయోమయానికంతటికీ మూలమని నా అభిప్రాయం.

కీమోకైన్లు చిన్న ప్రోటీన్లు. వాటి అణుభారం 8 నుంచి 10 కిలోడాల్టన్ల వరకు ఉంటుంది. మనిషిలో ఇవి సుమారు 50 రకాలు, వాటిని గుర్తించే గ్రాహకాలు సుమారు 20 రకాలు ఉన్నాయి. ఆ గ్రాహకం కణత్వచాన్ని ఏడుసార్లు దాటే ఒక పొడవైన ప్రోటీన్. దాని లోపలి కొసకు వార్తను కణం లోపలికి చేర్చే జి-ఐ అనే జి-ప్రోటీన్ ఆనుకొని ఉంటుంది. బయట కీమోకైన్ అంటుకున్నప్పుడు లోపల జి-ఐ మేల్కొంటుంది. ఎక్కువ గ్రాహకాలు మేల్కొన్న వైపున ఆక్టిన్ తంతువులు పెరిగి కణం ముందుకు పొడుచుకువస్తుంది. ఎదుటి వైపున మయోసిన్ ముడుచుకొని వెనుక భాగాన్ని లాగుతుంది. పట్టుమని పది మైక్రోమీటర్లు కూడా లేని కణం తన రెండు కొసల మధ్య గాఢతలో ఒకటి రెండు శాతం తేడా ఉన్నా దానిని పసిగట్టగలదని తెల్లరక్తకణాల మీద, అమీబా జాతి జీవుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. నడిచేది కణమే, నిర్ణయించుకునేదీ కణమే. ఈ నడకనే మన తెలుగు పాఠ్యపుస్తకాలు రసాయన అనుచలనం అంటాయి.

మన ప్రాంతంవారికి ఒక పోలిక చెబితే ఇది సులభంగా అర్థమవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగుతున్నప్పుడు, కళ్లు మూసుకొని నడిచినా ఘాటు పెరుగుతున్న వైపును బట్టి మిర్చి యార్డు ఎక్కడుందో చెప్పవచ్చు. యార్డు నడిమధ్యన నిలబడితే మాత్రం నాలుగు దిక్కులా ఒకటే ఘాటు, దిక్కు తెలియదు. పొద్దుటి నుంచి అక్కడే బస్తాలు మోస్తున్న హమాలీకి ఆ ఘాటు ఉన్నదన్న స్పృహే తగ్గిపోతుంది. అతడు బయట కాసేపు తిరిగి వస్తే మళ్లీ తుమ్ములు మొదలవుతాయి. ఈ మూడు స్థితులకూ, అంటే తేడా ఉన్న చోట దిక్కు తెలియడానికి, తేడా లేని చోట తెలియకపోవడానికి, అలవాటు పడిన తరువాత స్పందన మొద్దుబారడానికి, శోషరస గ్రంథిలో సరిపోలే సందర్భాలు ఉన్నాయి. కణానికి ముక్కు లేదన్నది గుర్తుంచుకుంటే చాలు, పోలిక చాలా దూరం పనిచేస్తుంది.

ముందుగా ప్రవేశం గురించి చెబుతాను. లింఫోసైట్లు రక్తంలో నుంచి శోషరసంలోకి, శోషరసంలో నుంచి రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ 1950ల చివర ఎలుకల మీద నిరూపించారు. ఛాతీలోని ప్రధాన శోషరస వాహికకు గొట్టం పెట్టి అందులోని రసాన్ని బయటికి తీస్తూ పోతే కొద్ది రోజుల్లో లింఫోసైట్ల సంఖ్య పడిపోయేది. ఆ కణాలను తిరిగి రక్తంలోకి ఎక్కిస్తే సంఖ్య నిలబడేది. ప్రతిరోజూ పుట్టుకొస్తున్నాయని అంతవరకు అనుకున్న కణాలు నిజానికి తిరిగి తిరిగి వస్తున్న పాత కణాలేనని అప్పుడు తేలింది. రక్తం నుంచి గ్రంథిలోకి వాటి ద్వారం హై ఎండోథీలియల్ వెన్యూల్స్ అనే సన్నని సిరలు. మామూలు సిరల గోడలో కణాలు పలుచగా పరచుకొని ఉంటే, వీటిలో ఇటుకల్లాగా ఎత్తుగా నిలబడి ఉంటాయి.

ఈ ద్వారం దగ్గర జరిగే పనిలో వరుస చాలా ముఖ్యం. రక్త ప్రవాహంలో వేగంగా పోతున్న టి-కణం మొదట ఎల్-సెలెక్టిన్ అనే అణువుతో సిర గోడ మీది చక్కెర గొలుసులను పట్టుకొని దొర్లుతుంది. దొర్లుతున్నప్పుడు గోడకు అంటుకొని ఉన్న సీసీఎల్21ను దాని సీసీఆర్7 గ్రాహకం తాకుతుంది. ఆ తాకిడితో క్షణాల్లో ఎల్ఎఫ్ఏ-1 అనే ఇంటెగ్రిన్ (కణాన్ని అతికించే ప్రోటీన్) ఆకారం మార్చుకొని గోడ మీది ఐకామ్-1 అనే అణువును గట్టిగా కరుచుకుంటుంది, కణం ఆగిపోతుంది, తరువాత గోడ దాటి లోపలికి పోతుంది. ఇక్కడ కీమోకైన్ చేస్తున్న పని దిక్కు చూపడం కాదు, “ఇక్కడ ఆగు” అని చెప్పడం. సీసీఎల్21కు ధనావేశం నిండిన పొడవైన తోక ఉంటుంది. అది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకు అతుక్కుంటుంది కాబట్టే రక్త ప్రవాహంలో కొట్టుకుపోకుండా గోడ మీద నిలుస్తుంది. చిట్టెలుకలో ఈ సిర కణాలే సీసీఎల్21ను తయారు చేసుకుంటాయి. మనిషిలో మాత్రం చుట్టుపక్కల ఉన్న కణాలు తయారు చేసిన దానిని ఇవి తెచ్చి ప్రదర్శిస్తాయి. ఈ పాఠంలో మనకు తెలిసినది చాలావరకు చిట్టెలుక నుంచి వచ్చిందే కాబట్టి ఇలాంటి తేడాలు ఉన్న చోట సెమినారులో తప్పక చెప్పండి.

ఇంటెగ్రిన్ మెట్టు విరిగితే ఏమవుతుందో చూపే వ్యాధి ఒకటి ఉంది. ల్యూకోసైట్ అడ్హెషన్ డెఫిషియెన్సీ మొదటి రకంతో పుట్టిన శిశువుకు బొడ్డు తాడు ఊడడం వారాల తరబడి ఆలస్యమవుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన చోట చీము పట్టదు, రక్తంలో మాత్రం తెల్లకణాలు నిండి ఉంటాయి.

జి-ఐ మెట్టు విరిగితే ఏమవుతుందో చూపే వ్యాధి మన ఊళ్లలో అందరికీ పేరు తెలిసినదే, కోరింత దగ్గు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో పిల్లల వార్డులో రెండు నెలల పసికందు రక్తపరీక్షలో లింఫోసైట్లు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు కనిపించాయి. ములుగు వైపు నుంచి వచ్చిన ఆ తల్లి, రక్త క్యాన్సర్ అని ఎవరో అన్న మాట విని కంటికి మింటికి ఏకధారగా ఏడుస్తూ కూర్చున్నది. దగ్గు తెర చివర బిడ్డ ఊపిరి అందక ముఖం నీలబడడం చూసిన మా ప్రొఫెసర్ గారు ఇది కోరింత దగ్గు అని చెప్పి, కణాలు ఎక్కువ పుట్టడం లేదు, రక్తంలో నుంచి దిగలేకపోతున్నాయి అన్నారు. ఆ మాటను అప్పుడు నేను సరిగ్గా అర్థం చేసుకోలేదు. కోరింత దగ్గు బ్యాక్టీరియా విడుదల చేసే పెర్టుసిస్ విషం సరిగ్గా ఈ జి-ఐ ప్రోటీన్‌కే ఒక రసాయన ముద్ద అతికించి, గ్రాహకం మాట దానికి వినబడకుండా చేస్తుంది. సీసీఆర్7 ఉంటుంది, సీసీఎల్21 ఉంటుంది, సిర గోడ మీద దొర్లడం కూడా జరుగుతుంది, “ఆగు” అన్న ఆజ్ఞ మాత్రం కణం లోపలికి చేరదు. ద్వారం ముందు నుంచి కొట్టుకుపోతూ లింఫోసైట్లు రక్తంలోనే మిగిలిపోతాయి. పసిపిల్లల్లో ఆ సంఖ్య మరీ పెరిగితే ఊపిరితిత్తుల రక్తనాళాల మీద భారం పడి ప్రాణాపాయం కూడా కలుగుతుంది. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంటే ప్రవేశం గురించిన పాఠమంతా గుర్తుంటుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. లోపలికి వచ్చిన టి-కణం గ్రంథి నడి భాగమైన టి-మండలంలో ఎలా నడుస్తుంది? 2002లో రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శిని సహాయంతో మొదటిసారి గ్రంథి లోతుల్లో సజీవ కణాల కదలికను చూడగలిగినప్పుడు అందరికీ ఆశ్చర్యం కలిగింది. టి-కణాలు సగటున నిమిషానికి 10 నుంచి 12 మైక్రోమీటర్లు, బి-కణాలు సుమారు 6 మైక్రోమీటర్లు నడుస్తున్నాయి. ఎటు పోతున్నాయని చూస్తే ఒక దిక్కంటూ లేదు. కొంత నడుస్తాయి, ఆగుతాయి, మరో వైపు తిరుగుతాయి. గణితంలో యాదృచ్ఛిక నడక అంటామే, సరిగ్గా ఆ తీరు. అంటే మీ అనుమానం సరైనదే: టి-మండలం లోపల సీసీఎల్21 ఇంచుమించు సమంగా పరచుకొని ఉంది, అక్కడ అది దిక్కు చూపడం లేదు. మిర్చి యార్డు నడిమధ్య నిలబడిన మనిషి స్థితి ఇదే.

మరి ఆ కీమోకైన్ అక్కడ ఎందుకు? కణాన్ని చురుకుగా నడిపించడానికి. సీసీఆర్7 లేని టి-కణాలను ఆరోగ్యవంతమైన గ్రంథిలోకి పంపి చూస్తే అవి కూడా తిరుగుతాయి, కాని వాటి వేగం సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. దిక్కులేని ఈ చురుకుదనాన్ని రసాయన చలనం అనాలి. రసాయన అనుచలనంతో దీనిని కలపకూడదు. జవాబు పత్రాలలో నేను అన్నిటికంటే ఎక్కువగా దిద్దిన పొరపాటు ఇదే. నడక యాదృచ్ఛికమే అయినా బాట మాత్రం ఉంది. ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలు అనేవి ఒకదానితో ఒకటి చేతులు కలిపి గ్రంథి అంతటా వలలాగా పరచుకొని ఉంటాయి. టి-కణాలు ఆ వల పోగులను పట్టుకొనే నడుస్తాయని 2006లో కనుగొన్నారు. సీసీఎల్19, సీసీఎల్21 రెండింటినీ తయారు చేసేది ఈ వల కణాలే. కూడలి దగ్గర ఏ పోగు పట్టుకోవాలన్నది కణం ఇష్టం. మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, సిర గోడ దగ్గర తప్పనిసరి అయిన ఇంటెగ్రిన్ పట్టు ఈ లోపలి నడకకు దాదాపు అవసరం లేదు. కణం అమీబాలాగా సందుల్లోకి ఒదిగి జారిపోతుంది.

ఇలా తిరగడం వృథా శ్రమ కాదా అని ఒక బ్యాచ్‌లో ఒక విద్యార్థి అడిగాడు. ఒక నిర్దిష్టమైన యాంటీజెన్‌ను (సూక్ష్మజీవి వంటి పరాయి దాని ఆనవాలును) గుర్తించగల టి-కణాలు శరీరంలోని టి-కణాలలో లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటాయి. ఆ కణం ఏ గ్రంథిలో, ఏ మూలన ఉందో ఎవరికీ తెలియదు. యాంటీజెన్‌ను తెచ్చి టి-కణాలకు చూపే డెండ్రైటిక్ కణం తన పొడవైన చేతులు చాచి ఒక చోట నిలబడి ఉంటే, దాని చుట్టూ గంటకు వందల కొద్దీ టి-కణాలు తడుముకుంటూ దాటిపోతాయి. ఎవరిని వెతుకుతున్నారో ముందే తెలియనప్పుడు అందరూ తిరుగుతూ ఉండడమే సరైన పద్ధతి. అయితే ఒక టి-సహాయక కణానికి తన యాంటీజెన్ దొరికి డెండ్రైటిక్ కణంతో జత కట్టిన తరువాత పరిస్థితి మారుతుంది. ఆ జంట నుంచి సీసీఎల్3, సీసీఎల్4 వెలువడి, సీసీఆర్5 ఉన్న సీడీ8 కణాలను (సూక్ష్మజీవి సోకిన కణాలను చంపే టి-కణాలను) దగ్గరికి రప్పిస్తాయని 2006లో చూపించారు. అప్పుడు యాదృచ్ఛిక నడక మీద కొంత దిక్కు వచ్చి చేరుతుంది.

నిజమైన గాఢతా ప్రవణత, అంటే ఒక వైపు చిక్కగా మరో వైపు పలుచగా ఉండే తేడా, ఎక్కడ ఉంది అంటే, గ్రంథి అంచుల్లోనూ, గ్రంథికి వచ్చే దారిలోనూ ఉంది. చర్మంలో సూక్ష్మజీవిని పట్టుకున్న డెండ్రైటిక్ కణం తన ఉపరితలం మీద సీసీఆర్7ను పెంచుకొని దగ్గరలోని శోషరస నాళం వైపు నడుస్తుంది. ఆ నాళం చుట్టూ సీసీఎల్21 కణజాలపు హెపరాన్ సల్ఫేట్‌కు అతుక్కొని, నాళం దగ్గర చిక్కగా, దూరమయ్యే కొద్దీ పలుచగా, సుమారు వంద మైక్రోమీటర్ల లోపు పరచుకొని ఉంటుందని 2013లో చిట్టెలుక చెవి చర్మంలో కొలిచి చూపించారు. అతుక్కొని ఉన్న రసాయనం మీద ఇలా ఎగబాకడానికి హాప్టోటాక్సిస్ అని పేరు. ఇదే గ్రాహకానికి అంటుకునే సీసీఎల్19కు ఆ తోక లేదు. అది ద్రవంలో కరిగి తిరుగుతుంది, గ్రాహకాన్ని త్వరగా కణం లోపలికి లాగించి స్పందనను మొద్దుబారుస్తుంది. ఒకే గ్రాహకానికి రెండు కీమోకైన్లు ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఒకటి నిలిచి ఉండే గుర్తు, మరొకటి వచ్చి పోయే గుర్తు.

శోషరసంతో పాటు గ్రంథి పైపొర కింది ఖాళీలోకి చేరిన డెండ్రైటిక్ కణం అక్కడి నుంచి లోపలికి దిగాలి. ఇక్కడ ఊడ్చే కణాలు అవసరమవుతాయి. ఆ ఖాళీకి పైకప్పులా ఉన్న ఎండోథీలియల్ కణాల (నాళాల లోపలి పొర కణాల) మీద ఏసీకేఆర్4 అనే గ్రాహకం ఉంటుంది. అది సీసీఎల్19, సీసీఎల్21లను పట్టుకొని లోపలికి మింగేస్తుంది. ఏ ఆజ్ఞనూ ఇవ్వదు. నేల వైపు కణాలలో ఇది లేదు. పైన ఎప్పటికప్పుడు తుడిచేయడం వల్ల లోపలి వైపు చిక్కదనం, పైవైపు పలుచదనం నిలిచి ఉంటాయి. ఈ గ్రాహకం లేని చిట్టెలుకల్లో కీమోకైన్ అంతటా నిండిపోయి, డెండ్రైటిక్ కణాలు ఆ ఖాళీలోనే చిక్కుకుపోతాయని 2014లో తేలింది. రసాయనం ఎక్కువైతే కణాలు దారి తప్పాయన్నమాట. పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లిన తరువాతనే ముగ్గు కనబడుతుందని మన ఇంటి ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే అందమైన భాగం ఇదే.

బి-కణాల కథ ఇదే సూత్రం మీద నడుస్తుంది, పాత్రలు మాత్రం వేరు. వాటి మీద ఉండేది సీఎక్స్‌సీఆర్5. అది చదివేది పుటికలలో (గ్రంథిలో బి-కణాలు గుమిగూడే గుండ్రని భాగాలలో) తయారయ్యే సీఎక్స్‌సీఎల్13ను. పుటికకు చేరిన బి-కణం లింఫోటాక్సిన్ అనే అణువుతో అక్కడి ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాలను పోషిస్తుంది, అవి ఇంకా ఎక్కువ సీఎక్స్‌సీఎల్13ను చేస్తాయి. అంటే వచ్చిన అతిథి ఇంటిని నిలబెడుతోంది. యాంటీజెన్ దొరికిన బి-కణం సీసీఆర్7ను పెంచుకుంటుంది. సీఎక్స్‌సీఆర్5 కూడా ఉంది కాబట్టి రెండు పిలుపుల మధ్య ఇటూ అటూ కాకుండా, పుటికకూ టి-మండలానికీ నడుమ ఉన్న పొలిమేరకు వచ్చి నిలుస్తుంది. అటు నుంచి టి-సహాయక కణం సీసీఆర్7ను తగ్గించుకొని, సీఎక్స్‌సీఆర్5ను తెచ్చుకొని అదే పొలిమేరకు వస్తుంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇద్దరూ తమ గ్రాహకాల పాళ్లు మార్చుకోవడంతోనే కలుసుకున్నారు. నేను మొదట్లో చెప్పిన మాటకు ఇంతకంటే మంచి రుజువు లేదు. ఈ నడకలో ఈబీఐ2 అనే మరో గ్రాహకం కూడా పనిచేస్తుంది. అది గుర్తించేది ప్రోటీన్‌ను కాదు, కొలెస్ట్రాల్ నుంచి తయారయ్యే ఒక పదార్థాన్ని. ఆ సంగతి 2011లో బయటపడింది. తరువాత పుటికలో ఏర్పడే జెర్మినల్ సెంటర్‌లో, అంటే బి-కణాలు విభజన చెంది మెరుగుపడే చోట, సీఎక్స్‌సీఆర్4 ఎక్కువున్న కణాలు చీకటి మండలంలో విభజన చెందుతాయి, దానిని తగ్గించుకొన్నవి వెలుగు మండలానికి వచ్చి తమ యాంటీబాడీల నాణ్యతను పరీక్షకు పెట్టుకుంటాయి. యాంటీబాడీలను విడుదల చేసే ప్లాస్మా కణాలుగా మారినవి మళ్లీ సీఎక్స్‌సీఆర్4తోనే సీఎక్స్‌సీఎల్12 ఉన్న ఎముక మజ్జకు చేరతాయి. ఈ భాగం మీద విడిగా ఒక సెమినారు చేయవచ్చు. మీ ప్రశ్నకు ఇంతవరకు చాలు.

రెండవ ప్రశ్న, నిష్క్రమణ గురించినది. ఇక్కడ పనిచేసే రసాయనం కీమోకైన్ కాదు, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ (పొట్టిగా ఎస్1పీ) అనే కొవ్వు అణువు. రక్తంలో దీనిని ముఖ్యంగా ఎర్రకణాలు, రక్తనాళాల గోడలు, శోషరసంలో శోషరస నాళాల గోడలు సరఫరా చేస్తాయి. కాబట్టి ఆ రెండు ద్రవాలలో ఇది ఎక్కువ. గ్రంథి లోపలి కణజాలంలో మాత్రం లయేజ్ అనే ఎంజైమ్ దీనిని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది కాబట్టి చాలా తక్కువ. మళ్లీ అదే సూత్రం: ఒక చోట నింపడం, ఒక చోట ఊడ్చడం. దీనిని చదివే గ్రాహకం ఎస్1పీ-గ్రాహకం-1. రక్తంలో తిరుగుతున్నప్పుడు ఆ రసాయనంలో మునిగి ఉండడం వల్ల కణం ఆ గ్రాహకాన్ని లోపలికి తీసేసుకుంటుంది. పొద్దుటి నుంచి యార్డులో ఉన్న హమాలీ స్థితి ఇది. గ్రంథిలోకి వచ్చిన తరువాత, ఆ రసాయనం లేని చోట కొన్ని గంటలు తిరిగేసరికి గ్రాహకం నెమ్మదిగా పైకి వస్తుంది. అదే సమయంలో సీసీఆర్7 స్పందన బలహీనపడుతూ ఉంటుంది. “ఉండు” అనే సీసీఆర్7, “వెళ్లు” అనే ఎస్1పీ-గ్రాహకం-1, ఈ రెండింటి పాళ్లు తారుమారైనప్పుడు కణం దగ్గరలోని శోషరస ఖాళీలోకి దాటి, గ్రంథి నుంచి బయటపడి, చివరికి మెడ కింది సిర ద్వారా రక్తంలోకి చేరుతుంది. టి-కణానికి ఒక గ్రంథిలో ఇది సుమారు సగం రోజు, బి-కణానికి సుమారు ఒక రోజు పడుతుంది. వచ్చిన కణాలు పేరుకుపోకపోవడానికి కారణం ఇదే. ప్రతి కణంలోనూ ప్రవేశంతోనే ఒక గడియారం మొదలవుతుంది.

ఆ గడియారాన్ని శరీరం కావాలని ఆపే సందర్భం కూడా ఉంది. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ఇన్ఫెక్షన్ సంకేతాలు, ముఖ్యంగా మొదటి రకం ఇంటర్‌ఫెరాన్లు, గ్రంథికి చేరగానే అందులోని లింఫోసైట్లు సీడీ69 అనే అణువును పైకి తెస్తాయి. అది ఎస్1పీ-గ్రాహకం-1ను పట్టుకొని లోపలికి లాగేస్తుంది. వెళ్లే తలుపు మూతపడింది. వచ్చే తలుపు తెరిచే ఉంది, పైగా గ్రంథికి రక్త సరఫరా కూడా పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో గ్రంథి ఉబ్బి చేతికి తగులుతుంది. సరైన టి-కణం దొరికే అవకాశం ఇలా పెరుగుతుంది. యాంటీజెన్ దొరికిన కణాలు మూడు నాలుగు రోజుల పాటు విభజన చెందిన తరువాత గ్రాహకం మళ్లీ పైకి వస్తుంది, అవి గుంపుగా బయలుదేరి ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి పోతాయి. కాబట్టి ఆ బిళ్ళను నలిపి, మర్దన చేసి కరిగించాలని చూడడం తగదు. చూడవలసినది పుండు ఉన్న పాదాన్ని. మెడలో బిళ్ళ రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా జ్వరంతో, బరువు తగ్గడంతో కలిసి ఉంటే అది గండమాల, అంటే క్షయ, కావచ్చు, మరేదైనా కావచ్చు. వైద్యునికి చూపించి తీరాలి.

ఇదే తలుపును మందుతో మూయవచ్చు. ఒక శిలీంధ్రం నుంచి తీసిన మైరియోసిన్ అనే పదార్థాన్ని మార్చి తయారు చేసిన ఫింగోలిమోడ్ శరీరంలో ఫాస్ఫేట్ చేరి, ఎస్1పీ-గ్రాహకం-1ను కణం లోపలికి లాగి చాలాకాలం అక్కడే ఉంచుతుంది. లింఫోసైట్లు గ్రంథులలో చిక్కుబడి, రక్తంలో వాటి సంఖ్య బాగా పడిపోతుంది. మెదడు, వెన్నుపాముల మీద సొంత కణాలే దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు అమెరికాలో ఇది 2010లో అనుమతి పొందింది. గుండె కణాల మీద కూడా ఈ జాతి గ్రాహకాలు ఉండడం వల్ల మొదటి మోతాదు తరువాత గుండె వేగం తగ్గవచ్చు; అందుకే ఆ రోజు రోగిని ఆరు గంటలు పరిశీలనలో ఉంచుతారు. కణాలను చంపకుండా, వాటి దారిని మాత్రమే మార్చి వ్యాధిని అదుపు చేయవచ్చని చూపిన మందు ఇది.

మీ సెమినారులో ఒక ప్రయోగం కూడా చూపించాలనుకుంటే ఖరీదైన సూక్ష్మదర్శిని అవసరం లేదు. అయిదు మైక్రోమీటర్ల రంధ్రాలున్న పొరతో రెండు అరలుగా విడదీసిన ట్రాన్స్‌వెల్ పాత్రలు చాలు. ఈ పద్ధతికి మూలం 1962లో బోయ్డెన్ రూపొందించిన అర. పై అరలో లింఫోసైట్లు వేసి, నాలుగు రకాలుగా అమర్చండి: ఎక్కడా సీసీఎల్21 లేకుండా ఒకటి, కింది అరలో మాత్రమే వేసి ఒకటి, రెండు అరలలోనూ సమానంగా వేసి ఒకటి, పై అరలో మాత్రమే వేసి ఒకటి. 37 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు ఉంచి కిందికి దిగిన కణాలను లెక్కపెట్టండి. రెండు అరలలో సమానంగా ఉన్నప్పుడు కూడా ఏమీ లేనప్పటి కంటే ఎక్కువ కణాలు దిగితే అది దిక్కులేని చురుకుదనం. కింద మాత్రమే ఉన్నప్పుడు దానికి మించి దిగినవే నిజంగా దిక్కు చూసి నడిచినవి. పెర్టుసిస్ విషంలో ఒకటి రెండు గంటలు నానబెట్టిన కణాలతో మరో వరుస పెట్టుకుంటే జి-ఐ పాత్ర కూడా తేలిపోతుంది. కీమోకైన్‌ను ఒకే మోతాదులో వాడకుండా, మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల నుంచి 1000 నానోగ్రాముల వరకు పది రెట్ల చొప్పున పెంచుతూ చూడండి. దిగే కణాల సంఖ్య మొదట పెరిగి, ఒక హద్దు దాటిన తరువాత మళ్లీ తగ్గడం మొదలైతే ప్రయోగం చెడిపోయిందని పారేయకండి. గ్రాహకాలన్నీ నిండిపోయి కణానికి ముందూ వెనుకా ఒకటే అయిన స్థితి అది, మీ మొదటి ప్రశ్నకు మీ చేతులతో మీరు కొలిచిన జవాబు ఆ వంపులోనే ఉంటుంది.